ఈ-పుస్తక విక్రయము, తెలుగు లిపి : చిక్కడపల్లి ప్రాంతము నుండి ఒక పరిశీలనము

తెలుగున గ్రంథముద్రణ చరిత్రను గూర్చి మన పండితులు కొంత పరిశ్రమ చేసియున్నారు. ఏ గ్రంథము ఏ ముద్రాశాలలో ఏ సంవత్సరమున వెలువడినదో, దాని పరిష్కర్త ఎవరో చాలవరకు మనకు తెలియును. కాని గ్రంథము అచ్చుశాల వాకిలి దాటిన పిమ్మట పాఠకుని చేతికి ఏ త్రోవను చేరినది, అందులకు అతడు చెల్లించిన దెంత, చెల్లించినదానికి ప్రతిగా అతనికి దక్కిన దేమి అను విషయములపై దృష్టి ప్రసరించినది తక్కువ. ఇది సాహిత్యచరిత్రకు వెలుపలి విషయమని కొంద రనవచ్చును. మేము అట్లు తలంపము. పుస్తకము పాఠకునికి అందు మార్గము మారినపు డెల్ల, ఏ గ్రంథములు వ్రాయబడును, ఏవి మరల అచ్చగును అనునదియు మారుచునే వచ్చినది.

ఈ వ్యాసమున మేము పరిశీలింపబూనినది ఆ మార్గములలో కడపటిది. ఈ-రీడరు అను చదువుయంత్రము నుండియే పుస్తకమును కొని, మరియొక సాధనముతో పనిలేకుండ, ఆ యంత్రములోనికే దింపుకొను పద్ధతి అది. 2007లో అమెరికాలో మొదలై 2009లో మన దేశమునకు వచ్చినది. ఆంగ్లగ్రంథములు ఆ త్రోవన వెల్లువగా వచ్చినవి. తెలుగు గ్రంథము మాత్రము వాకిట నిలిచిపోయినది. అట్లేల జరిగినదో విచారించుట మా యుద్దేశము.

పరిశీలనకు హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములను ఎన్నుకొంటిమి. దానికి కారణము కలదు. నగర కేంద్ర గ్రంథాలయము ఇక్కడనే యున్నది. 1966లో స్థాపింపబడిన శ్రీ త్యాగరాయ గానసభ ఇక్కడనే యున్నది; పేరునకు సంగీతసభయైనను పుస్తకావిష్కరణలకు అది నగరమున ఆటపట్టు. చిక్కడపల్లి చిరునామాతో ప్రజాశక్తి బుక్‌హౌస్ పుస్తకములు వెలువరించినది. నారాయణగూడ దాటి కాచిగూడ కూడలికి పోయినచో ఆర్యసమాజ మందిరము ఎదుట నవోదయ బుక్‌హౌస్. ఇటు హిమాయత్‌నగరున 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి. అటు బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రము. ఇవి యన్నియు ఇంచుమించు అరగంట నడకలోనివి. పుస్తకమును ప్రకటించువారు, అమ్మువారు, ఆవిష్కరించువారు, ఎరువిచ్చువారు, పరీక్షకొఱకు వల్లెవేయువారు ఇంత దగ్గరగా కూడియున్న చోట తెలుగు పుస్తకమునకు కొత్త త్రోవ దొరకలేదన్నచో, లోపము పాఠకజనమునందు కలదని చెప్పుట కష్టము.

ముందు పాత త్రోవలను కొంచెము చూడవలెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో ఇక్కడనే కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మున్నగువారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి; రెండేండ్లకు అది చెన్నపురికి తరలినది. గ్రంథమాల యనగా వరుసగా వెలువడు పుస్తకములకు ముందుగానే చందాదారులను కూర్చుకొను ఏర్పాటు. చందాదారు డున్నాడను ధైర్యముమీద పుస్తకము అచ్చగును. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి స్థాపించిన దేశోద్ధారక గ్రంథమాల కథ వేఱు. అచ్చటి ప్రకాశకుడే విక్రేత. పుస్తకముల సంచి భుజమున వేసికొని ఊరూర తిరిగి అమ్మినవాడు. అణాల వెలకు పుస్తక మీయవలెనన్న దుకాణపు అద్దె కూడ భారమే యని ఎఱిగినవా డాయన. పిమ్మట తపాలావారి వి.పి.పి. పద్ధతి: ఉత్తరము వ్రాసినచో పుస్తకము ఇంటికి వచ్చును, తపాలాబంట్రోతు చేతికి వెల యిచ్చి పొట్లము పుచ్చుకొనవలెను. ఎమెస్కోవారి పాకెట్ పుస్తకములును, ఇంటింట గ్రంథాలయ పథకమును ఈ తపాలా మార్గమునే నమ్ముకొని పెరిగినవి. 1970, 80ల దశాబ్దములలో వీధి వీధిని వెలసిన అద్దె పుస్తకముల దుకాణములు చదువరికి ఇంకను చౌకత్రోవ చూపినవి. యద్దనపూడి సులోచనారాణి నవలకైనను, యండమూరి వీరేంద్రనాథ్ నవలకైనను దినమునకు కొన్ని పైసలు చెల్లించినచో చాలును. ఆ దుకాణములను పండితులు చిన్నచూపు చూచిరి గాని, తెలుగు చదువుట నేర్చిన గృహిణులను చదువరులుగా నిలిపినవి అవియే యని మా నమ్మకము.

ఈ మార్గము లన్నిటియందును ఒక పోలిక కలదు. ఇవి తెలుగు పుస్తకము కొఱకే, తెలుగువాని కొనుగోలు శక్తిని బట్టియే ఏర్పడినవి. ఈ-రీడరు అట్లు కాదు. అది వేఱొక భాషకొఱకు, వేఱొక దేశపు పాఠకునికొఱకు పూర్తిగా కట్టబడిన మార్గము. దానిలోనికి తెలుగు తరువాత వచ్చి ప్రవేశము కోరవలసి వచ్చినది.

ఆ యంత్రము పనిచేయు తీరు ఇట్టిది. దాని తెరలో అతిసూక్ష్మములైన గుళికలుండును. ప్రతి గుళికలోను నల్లని, తెల్లని రేణువులుండును. విద్యుత్తు తగిలినపుడు ఒక రంగువి పైకి, మరియొక రంగువి క్రిందికి పోవును. ఒకసారి పుట ఏర్పడిన పిమ్మట అది నిలిచియుండుటకు విద్యుత్తు అక్కరలేదు. కనుకనే ఒక్క చార్జితో వారములకొలది చదువుకొనవచ్చును. తెర తనంతట వెలుగు చిమ్మదు కాబట్టి కన్నులకు కాగితమువలె తోచును. ఈ తెరతో 2004లో సోనీవారు జపానున లిబ్రియే అను యంత్రము నమ్మిరి. దానిలోనికి పుస్తకము ఎక్కింపవలెనన్న కంప్యూటరు కావలెను. అదియు అరువది దినములకు తనంతట చెడిపోవునట్లు ఏర్పాటు. జనులు దానిని ఆదరింపలేదు.

2007 నవంబరు 19న అమెజాన్ సంస్థ కిండిల్‌ను విడుదల చేసినది. వెల 399 డాలరులు. తెరలో కొత్తదన మేమియు లేదు. కొత్తదనమంతయు అమ్మకమున నున్నది. యంత్రములోనే సెల్‌ఫోను గ్రాహక మమర్చి, దాని ఖర్చును వాడుకరిపై వేయక పుస్తకపు వెలలో కలిపివేసిరి. అంగడి యంత్రములోనే తెఱచుకొనును. తొంబదివేలకు పైగా పుస్తకములు పట్టికలో కనబడును. మీట నొక్కినచో నిమిషములోపల పుస్తకము చేతికి వచ్చును. వి.పి.పి.లో పాఠకుడు తపాలా ఖర్చును ఎఱిగి చెల్లించెను, ఇచ్చట ఎఱుగకయే చెల్లించును. తెచ్చిన సరకంతయు అయిదున్నర గంటలలో చెల్లిపోయినదట.

2009 అక్టోబరులో ఈ యంత్రము నూటికి పైగా దేశములలో అమ్మకమునకు వచ్చినది. వానిలో భారతదేశ మొకటి. 2010లో ఇన్‌ఫిబీమ్ సంస్థ 9,999 రూపాయలకు ‘పై’ అను యంత్రమును మన దేశీయుల కొఱకు తెచ్చినది. 2012 ఆగస్టులో అమెజాన్ రూపాయలలో వెలలు చూపు భారతీయ కిండిల్ అంగడిని తెఱచి, 6,999 రూపాయలకు యంత్రమును క్రోమా దుకాణములలో అమ్మసాగినది. అప్పటినుండి చిక్కడపల్లిలో మేడమీది గదిలో కూర్చున్న పాఠకుడు లండనున నాడే వెలువడిన నవలను నిమిషములో తెప్పించుకొనగలడు. కాని ముందునాటి సాయంకాలము కూతవేటు దూరమున గానసభలో ఆవిష్కరింపబడిన తెలుగు కథల సంపుటిని ఆ యంత్రముతో తెప్పించుకొనజాలడు. దానికొఱకు చెప్పులు తొడుగుకొని కాచిగూడకు పోవలసినదే.

దీనికి మూలకారణము మా దృష్టిలో లిపిని యంత్రమున నిలుపు పద్ధతి. ఈ విషయము సాహిత్యపరిశోధకులకు అంతగా పరిచితము కాదు కావున కొంత వివరింపవలసియున్నది.

1990ల నుండి హైదరాబాదు, విజయవాడలలో తెలుగు పుస్తకముల అక్షరసంయోజన మంతయు కంప్యూటరులపైకి మారినది. పేజ్‌మేకర్ అను పుటల కూర్పు ప్రోగ్రామున అను ఫాంటులు వేసి డి.టి.పి. చేయుట రివాజైనది. అను వంటి ఫాంటుల మర్మమేమనగా, యంత్రమునకు అందు తెలుగు లేదు. రోమను అక్షరములకు, విరామచిహ్నములకు కేటాయించిన సంకేతములమీదనే తెలుగు ఆకృతులను కూర్చిరి. తలకట్టు ఒక సంకేతము, గుడి ఒకటి, వత్తు ఒకటి. వీనిని ఇటుకలవలె పేర్చినచో కంటికి తెలుగక్షరము కనబడును. యంత్రము మాత్రము వానిని రోమను అక్షరముల గుంపుగానే ఎంచును. ఆ ఫాంటు లేని చోట అదే దస్త్రమును తెఱచినచో ఏ భాషయుకాని అక్షరముల పోగు కనబడును. ఫాంటు కూర్పు మారినపుడు సంకేతములు మారుటయు కద్దు.

యూనికోడు పద్ధతి దీనికి భిన్నము. 1991లో వెలువడిన దాని తొలికూర్పు నుండియే తెలుగునకు ప్రత్యేకస్థానము కలదు. అచ్చట ఆకృతి గాక వర్ణము ప్రధానము. ‘క్రి’ అను అక్షరమును తీసికొందము. యూనికోడున అది ‘క’, పొల్లు, ‘ర’, గుడి అను నాలుగు సంకేతముల వరుస, ఉచ్చారణక్రమమే లేఖనక్రమము. వానిని కలిపి అక్షరముగా తీర్చుట యంత్రమునందలి మరియొక ప్రోగ్రాము పని. ఇట్లు నిలిపిన పాఠమును ఏ యంత్రమైనను తెలుగుగా గుర్తించును, వెదకగలదు, అకారాది క్రమమున పేర్చగలదు, తెర వెడల్పునుబట్టి పంక్తులను తిరిగి కూర్చగలదు. మన ప్రాచీన వ్యాకర్తలు వర్ణమునకును లిపికిని చూపిన భేదము ఇచ్చట పనికి వచ్చినదని చెప్పినచో అతిశయోక్తి కానేరదు.

ఈ-రీడరునకు కావలసినది ఈ తిరిగి కూర్చబడు గుణమే. ఆరంగుళముల తెర యనగా మూలనుండి మూలకు కొలత. వెడల్పు మూడున్నర అంగుళములకు కొంచె మెక్కువ. మన డెమీ ఆక్టేవో పుస్తకపు పుట వెడల్పు అయిదున్నర అంగుళములు. అచ్చుపుటను ఉన్నదున్నట్లు పీడీఎఫ్‌గా తీసి ఈ తెరపై చూపినచో అక్షరము మూడింట రెండువంతులకు కుదించుకొనిపోవును. రోమను లిపి ఈ కుదింపునకు కొంత ఓర్చును. తెలుగున ఒక్క అక్షరముక్రింద వత్తు, దానిక్రింద మరియొకటి చేరును. ‘స్త్ర్య’ వంటి సంయుక్తములు మసిచుక్కలై పోవును. పుటను పెద్దది చేసినచో పంక్తి తెరను దాటిపోవును. అను ఫాంటులనుండి తేలికగా పుట్టగలది పీడీఎఫ్ మాత్రమే. ఈ-రీడరునకు తగినది యూనికోడు పాఠము. పేచీ యంతయు ఇచ్చటనే యున్నది.

యూనికోడు 1991లోనే ఉండగా మన ప్రచురణకర్తలు ఏల మారలేదని అడుగవచ్చును. వారి సోమరితనమని కొందఱు తేల్చివేయుదురు. ఆ మాట న్యాయము కాదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చినది. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు పోతన, వేమన ఫాంటులను ఉచితముగ నిచ్చిరి. వీనితో ఉత్తరము వ్రాయవచ్చును, పత్రము వ్రాయవచ్చును. పుస్తకము కూర్చుటకు వాడు పేజ్‌మేకర్ మాత్రము 2001లో వచ్చిన ఏడవ కూర్పుతో ఆగిపోయినది. అది యూనికోడు తెలుగు నెఱుగదు. దాని స్థానమున వచ్చిన ఇన్‌డిజైన్ ప్రోగ్రామున భారతీయ లిపులకు అధికారికముగా చోటు దొరికినది 2012లో. అనగా సామాన్యుని కంప్యూటరునకు తెలుగు వచ్చిన పదునొకండు సంవత్సరములకు గాని పుస్తకము కూర్చు ప్రోగ్రామునకు రాలేదు. ఈ నడిమి కాలముననే కిండిల్ పుట్టినది, భారతదేశమునకు వచ్చినది, రూపాయలలో అంగడి తెఱచినది. అప్పటికి మన ప్రచురణకర్తల యొద్ద ఇరువదేండ్ల పుస్తకములు అను సంకేతములలో నిలువయై యుండెను. వానిని మార్చు ప్రోగ్రాములు లేకపోలేదు. మార్చినపు డెల్ల వత్తులు తారుమారగుట, అరుదైన సంయుక్తములు ఎగిరిపోవుట జరుగును. మొదటినుండి ప్రూఫు దిద్దవలెను. వేయి ప్రతులు అమ్ముటకు ఏండ్లు పట్టు పుస్తకమునకు రెండవసారి ప్రూఫు దిద్దించు స్తోమత ఎందఱికి కలదు?

ఈ పరిస్థితిలో తెలుగునకు తనదైన అంగడి కావలసివచ్చినది. 2010లో హైదరాబాదున మొదలైన కినిగె ఆ పని చేసినది. ప్రచురణకర్తల పీడీఎఫ్‌లను, వీలైనచోట తిరిగి కూర్చబడు ఈపబ్‌లను, అనధికారముగా ప్రతి తీయరాకుండ అడోబీ సంస్థ తాళము వేసి అమ్మినది. కొనుట యేగాక అద్దెకు పుచ్చుకొను వీలును కల్పించినది. అద్దె దుకాణముల సంప్రదాయ మిట్లు మరల తల యెత్తుట మాకు ముచ్చట గొలిపిన విషయము. అమెరికాలోని తెలుగువారికి ఇది పెద్ద యుపకారమైనది. కాని అడోబీ తాళము వేసిన పుస్తకము కిండిల్‌లో తెఱచుకొనదు. కినిగెలో కొన్న పాఠకుడు కంప్యూటరునందో, ఫోనునందో, అడోబీ తాళమునకు ఒప్పు వేఱొక యంత్రమునందో చదువవలెను. చేతిలోని యంత్రమున అంగడి ఒకరిది, పుస్తకము మరియొకరిది. న్యూస్‌హంట్ (2015 నుండి డైలీహంట్) మరియొక ఉపాయము పన్నినది. బ్యాంకు కార్డు లేనివారుకూడ ఫోను బాకీనుండి సొమ్ము చెల్లించి తెలుగు పుస్తకము కొనవచ్చునని ఏర్పాటు చేసినది. 2009 ఆగస్టు 1 నుండి రిజర్వు బ్యాంకువారు ఇంటర్నెట్టుపై కార్డు చెల్లింపులకు రెండవ ధ్రువీకరణము తప్పనిసరి చేసియుండిరి. ఒక్క మీటతో కొను అమెరికా పద్ధతి మన దేశపు కార్డుతో అంత సులువుగా సాగునది కాదు. కావున ఫోను బాకీ మార్గము తెలివైనదే.

ఇట్లుండగా 2016 డిసెంబరు వచ్చినది. అమెజాన్ సంస్థ భారతీయ భాషలలో కిండిల్ పుస్తకములను ప్రారంభించినట్లు ప్రకటించినది. హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము అను అయిదు భాషలు పట్టికలో నుండెను. తెలుగు లేదు. రచయితలే స్వయముగ పుస్తకము లెక్కించు విభాగమునందును తెలుగు ఆ తరువాత చాల ఏండ్లవరకు అంగీకృతభాష కాలేదు. కొందఱు తెలుగు రచయితలు ఎట్లో తమ పుస్తకములను అందు చేర్చిరి గాని, అది దొడ్డిదారి ప్రవేశమే.

జనసంఖ్య దీనికి కారణము కాజాలదు. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 8.11 కోట్లు. తమిళులు 6.90 కోట్లు, గుజరాతీలు 5.55 కోట్లు, మలయాళీలు 3.48 కోట్లు. మనకంటె తక్కువ సంఖ్యగల మూడు భాషలకు చోటు దొరికినది. అప్పటినుండి సభలలో ఒక మాట తఱచుగా వినబడుచున్నది: తెలుగువారు చదువరు, కావుననే అంగడివారు మనలను లెక్కింపలేదు అని. ఇది సులువైన సమాధానము; ప్రచురణకర్తకు, ప్రభుత్వమునకు, విశ్వవిద్యాలయమునకు ఎవ్వరికిని పనిపెట్టదు.

అట్లని అను ఫాంటులే సర్వకారణమనియు మేము చెప్పము. హిందీవారికి కృతిదేవ్ మున్నగు ఫాంటులతో ఇదే చిక్కు. తమిళులకును, మలయాళీలకును అట్టివే వారివి కలవు. భేదము మరియొక చోట నున్నది. తమిళులు 1998 సంక్రాంతినాడే ప్రాజెక్ట్ మధురై మొదలుపెట్టి ప్రాచీన గ్రంథములను స్వచ్ఛందసేవకులచేత అక్షరాక్షరము టైపు చేయించిరి. మలయాళమున స్వతంత్ర మలయాళ కంప్యూటింగ్ బృందము 2002 ప్రాంతమునుండి ఫాంటులను, అక్షరసాధనములను తీర్చిదిద్దినది. మనవారు అదే కాలమున ఏమి చేసిరి? భారత డిజిటల్ గ్రంథాలయ యోజన క్రింద, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఒక కేంద్రముగా, వేలకొలది తెలుగు గ్రంథములను స్కాను చేసిరి. అది గొప్పపని. ఆ స్కానులు లేకున్న మా వంటివారి పరిశోధన ఏనాడో కుంటుపడెడిది. కాని స్కాను చేసిన పుట బొమ్మ మాత్రమే. అందలి పద్యము యంత్రమునకు పద్యముకాదు, మచ్చల కూడిక. తమిళమునకు పాఠము పోగైనది, మనకు బొమ్మలు పోగైనవి. 2005లో మొదలైన తెలుగు వికీసోర్సు ఈ లోపమును తీర్చుటకు పూనుకొన్నది గాని చేతులు తక్కువ. ఈ-పుస్తకముల అంగడి తెఱచువాడు ఒక భాషలో తన యంత్రమునకు పనికివచ్చు పాఠము ఎంత సిద్ధముగ నున్నదని చూడకపోడు. ఆ లెక్కలో మనము వెనుకబడితిమని మా అనుమానము. సంస్థల వ్యాపారపుటంచనాలును ఉండియుండును. వానిని బయటివార మెఱుగము.

ఇక కొన్నవానికి దక్కిన దేమి అను ప్రశ్న మిగిలినది. ఆదివారము ఆబిడ్స్ కాలిబాటపై పాతపుస్తకములు తిరుగవేయు అలవాటు ఈ ప్రాంతపు చదువరులకు చిరకాలమునుండి కలదు. లోపలి అట్టపై మొదటి యజమాని సంతకము, పెండ్లికానుకగా ఇచ్చినట్లు రెండు పంక్తులు, గ్రంథాలయపు ముద్ర కనబడును. కొన్నవాడు అమ్మవచ్చును, ఎరువీయవచ్చును, గ్రంథాలయమునకు దానము చేయవచ్చును. ఈ-పుస్తకమున ఈ హక్కు లేవియు లేవు. అమ్మువాడు ఇచ్చునది చదువుకొను అనుమతి మాత్రమే. 2009 జూలైలో అమెజాన్ సంస్థ ఆర్వెల్ రచించిన రెండు పుస్తకములను, హక్కు లేనివాడు అమ్మినాడను కారణమున, కొన్నవారి యంత్రములనుండియే తుడిచివేసినది. సొమ్ము తిరిగి యిచ్చినది, తరువాత తప్పును ఒప్పుకొన్నది. 2019 జూలైలో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల అంగడిని మూసి, కొన్నవారందఱి పుస్తకములను మాయము చేసి సొమ్ము వాపసు చేసినది. 2025 జనవరి 1 నుండి కాలిఫోర్నియా రాష్ట్రమున, అనుమతి మాత్రమే యిచ్చుచు ‘కొనుడు’ అను మాట వాడువారు ఆ సంగతి స్పష్టముగ చెప్పవలెనను చట్టము అమలునకు వచ్చినది. ఆ ఫిబ్రవరి 26 నుండి, కొన్న కిండిల్ పుస్తకమును కంప్యూటరునకు దింపుకొని తీగద్వారా యంత్రములోనికి ఎక్కించుకొను వీలునుకూడ అమెజాన్ తొలగించినది. నేరుగా యంత్రమునకు దింపుకొనుట మొదట సదుపాయము; ఇపుడు దాదాపు ఏకైకమార్గమైనది.

ప్రభుత్వమునకును ఇది పుస్తకమా కాదా యను సందేహము తీరలేదు. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినపుడు అచ్చుపుస్తకమునకు పన్ను లేదు, ఈ-పుస్తకమునకు నూటికి 18. మఱుసటి జూలైలో, అచ్చుప్రతి కూడ కల ఈ-పుస్తకములకు దానిని 5కు తగ్గించిరి. అనగా ఈ-పుస్తకము పుస్తకమని రుజువు చేసికొనుటకు కాగితపు కవలసోదరుని చూపవలెను. 1954 నాటి గ్రంథప్రతుల సమర్పణచట్టము దీని పేరెత్తదు. 1960 నాటి గ్రంథాలయచట్టము ప్రకారము ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున సెస్సు వసూలగును. నగర కేంద్ర గ్రంథాలయము వంటివి దానిపై నడచుచున్నవి. ఆ సొమ్ముతో గ్రంథాలయము పుస్తకము కొని వేయిమందికి ఎరువీయవచ్చును. కిండిల్ అంగడిలో ఒక ఖాతాకు కొన్న పుస్తకమును అట్లు ఈయరాదు.

ఆ గ్రంథాలయపు చదువుగదులకు ఇపుడు వచ్చువారిలో అధికులు ఉద్యోగపరీక్షల అభ్యర్థులు. అశోక్‌నగర్ వీధులు శిక్షణాలయములతో, వసతిగృహములతో, జిరాక్సు దుకాణములతో నిండియున్నవి. 2022 ఏప్రిలులో 503 ఉద్యోగములకు గ్రూప్-1 ప్రకటన వెలువడినపుడు, తరువాత ఆ ప్రాథమికపరీక్ష రెండుసార్లు రద్దైనపుడు, ఈ వీధులలో జనము నేలయీనినట్లుండెను. వీరు గ్రంథాలయమునుండి పుచ్చుకొనునది కుర్చీ, వెలుతురు, నిశ్శబ్దము. పుస్తకము తమదే తెచ్చుకొందురు. తెలుగు అకాడమి వారి చరిత్ర, ఆర్థికశాస్త్ర గ్రంథములు వీరికి నిత్యపారాయణము. తెలుగువారు చదువరను మాట పలుకువారు ఒక్కసారి ఉదయము ఆ గదుల ముందు వరుసను చూడవలెను. దినమునకు పదిగంటలు తెలుగున చదువు వేలమంది యువకులు ఒకచోట ఉండగా, తెలుగు ఈ-పుస్తకమునకు గిరాకి లేదనుట ఎట్లు పొసగును?

వీరిలో ఈ-రీడరు కలవారు మాకు అరుదుగా కనబడిరి. అందఱి చేతిలోను ఫోను కలదు. 2016లో యు.పి.ఐ. వచ్చిన పిమ్మట సొమ్ము చెల్లించుటయు దానితోనే. కావున నేరుగా కొని దింపుకొను యంత్రము వీరి జేబులోనే యున్నది. కొనదగిన రూపమున పుస్తకమే లేదు. ఆ లోటును స్కాను చేసిన పీడీఎఫ్‌లు తీర్చుచున్నవి. ఎవడో ఒకడు పుస్తకమును పుటపుటగా ఫోటో తీయును. అది టెలిగ్రామ్ బృందములలో చేతులు మారును. రచయితకు గాని ప్రకాశకునికి గాని చిల్లికాసు రాదు. చదువుకొనువానికిని సుఖము లేదు. అచ్చుపుట ఫోనున ఇమడదు కావున రెండువ్రేళ్ళతో పెద్దది చేయును, పంక్తి చివరవరకు జరుపును, మరల మొదటికి లాగును, తరువాతి పంక్తికి దిగును. పుటకు ముప్పది పంక్తులైనచో ముప్పది మార్లు. ఇది దొంగతనమని కోపింపవచ్చును. న్యాయమైన వెలకు, తెరకు తగిన రూపమున అదే గ్రంథము అమ్మినచో వీరిలో ఎందఱు కొనియుందురో ఎవ్వరును పరీక్షించి చూడలేదు.

పాతపుస్తకము తడిసినను ఆరబెట్టుకొనవచ్చును. 2000 ఆగస్టు వరదలలో సుందరయ్య విజ్ఞాన కేంద్రమునందలి అరుదైన ఉర్దూ గ్రంథములు నీట మునిగినపుడు పలువురు శ్రమపడి వానిలో కొన్నింటిని నిలుపుకొనిరి. 1990లనుండి మన ప్రచురణకర్తల కంప్యూటరులలో నున్న పేజ్‌మేకర్ దస్త్రముల సంగతి వేఱు. ఆ ప్రోగ్రామును చేసినవారే దానిని విడిచి ఇరువదేండ్లు దాటినది. దానిని నడుపగల పాత కంప్యూటరులు ఒక్కొక్కటిగా మూలబడుచున్నవి. కొన్ని దస్త్రములు అచ్చు పూర్తికాగానే తుడిచివేయబడినవి, కొన్ని డి.టి.పి. కూర్చినవారి యొద్దనే మిగిలిపోయినవి, ప్రచురణకర్త యొద్ద లేనేలేవు. ఉన్నవానినైనను యూనికోడునకు మార్చి, మూలముతో పోల్చి, తప్పిన వత్తులను సరిచేయుట యంత్రమొక్కటియే చేయగల పని కాదు. తాళపత్రప్రతులను సరిపోల్చి పాఠనిర్ణయము చేయుట నేర్చిన శాఖలకు ఈ పని కొత్తది కాదు. ప్రచురణకర్త యొద్దనుండి దస్త్రమును, రచయిత లేదా వారసుల యొద్దనుండి అనుమతిని పొంది, ఏడాదికి పది గ్రంథములనైనను ఇట్లు సిద్ధపఱచుటకు స్నాతకోత్తర విద్యార్థులచేత పూనికొనవచ్చును. మొదట చేపట్టదగినవి, మా యెన్నికలో, 1990-2012 నడుమ ఒకేమారు అచ్చయి, మరల అచ్చుకాని కథాసంపుటులు.